మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఇస్లామ్ సామాజిక వ్యవస్థలు

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి భాగంలోని ఈ మూడు పట్టణాల ముస్లిం సమాజంలో ఆస్తి పంపకం, దానం, అప్పు, పెళ్లి వంటి వ్యవహారాలను నడిపే ఏర్పాట్లు చాలాకాలంగా ఉన్నాయి. మీరాస్ (వారసత్వం), జకాత్ (ఏటా ఇవ్వాల్సిన విధి దానం), ఫిత్రా (రంజాన్ పండుగ దానం), మహర్, ఖర్జె హసన (వడ్డీలేని అప్పు), వక్ఫ్ (ధర్మానికి కట్టడి చేసిన ఆస్తి) వాటిలో ముఖ్యమైనవి. మతం నుంచి పుట్టినవే అయినా వీటి ప్రభావం రెవెన్యూ రికార్డుల్లోనూ ఇంటి పద్దుల్లోనూ కనిపిస్తుంది.

నేపథ్యం

18వ శతాబ్దంలో మదనపల్లెకు దగ్గరి గుర్రంకొండ కోట కడప నవాబుల నుంచి మైసూరు పాలకుల చేతికి వచ్చింది. హైదర్ అలీ బావమరిది మీర్ రజా అలీఖాన్ అక్కడ అధికారం చేశాడు. ఆ సీమ 1792లో నిజాముకు, 1800లో ఈస్టిండియా కంపెనీకి దక్కింది. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాకే మూడూ ఒక గొడుగు కిందికి వచ్చాయి. ఇక్కడి ముస్లింలలో దక్కనీ ఉర్దూ మాట్లాడేవారితోపాటు తెలుగే ఇంటిభాషగా ఉన్న దూదేకులవారూ ఉన్నారు. ఉర్దూ, అరబీ రానివారికి ఈ విషయాలు తెలుగులో అందడం ఆలస్యమైంది. ఖురాన్‌ను తెలుగులోకి మొదట తెచ్చినవాడు ముస్లిమేతరుడైన పండితుడు చిలుకూరి నారాయణరావు. 1920లలో వెలువడిన ఆ అనువాదంతో, వాటాలు చెప్పే నాలుగో అధ్యాయాన్ని తెలుగువాడు సొంతంగా చదువుకునే వీలు కలిగింది.

ఆడపిల్ల వాటా

ఆచరణలో ఎక్కువ లాభం చేకూర్చగలిగేది, అంతే ఎక్కువగా ఎగవేతకు గురయ్యేది మీరాస్. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్న మనిషి 2 ఎకరాల 40 సెంట్లు వదిలి పోయాడనుకుందాం. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 30 సెంట్లు. మిగిలిన 210లో కొడుక్కి 140, కూతురికి 70. వీలునామా రాసినా అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతుకు మించి చెల్లదు. కూతురికి సగమేనన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. కానీ హిందూ కుటుంబంలో కూతురికి పుట్టుకతో ఉమ్మడి ఆస్తిలో హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి మాత్రమే వచ్చింది, అదీ అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకే. 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల నెలకొల్పిన అనీబిసెంట్, స్త్రీ ఆస్తిహక్కులో ఇస్లామ్ ఇంగ్లండు కన్నా ఎంతో ముందుందని మెచ్చుకున్నారు. ఆమె సొంత దేశంలో పెళ్లయిన స్త్రీకి పూర్తి ఆస్తిహక్కు 1882 చట్టంతోగానీ రాలేదు.

ముస్లింల వారసత్వానికి షరియత్‌ను వర్తింపజేసిన 1937 చట్టం వ్యవసాయ భూమిని మినహాయించింది. పొలమే ఆస్తి అయిన పల్లెల్లో ఇది చట్టాన్ని సగానికి పైగా కొట్టేసినట్టే. మద్రాసు శాసనసభ 1949లో తెచ్చిన సవరణ (18వ చట్టం) ఆ మినహాయింపును తీసేసింది. అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఈ మూడు ఊళ్ల ముస్లిం కూతురికి పొలంలో కూడా వాటా చట్టబద్ధమైంది; ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల ఆ భాగ్యం లేకపోయింది. అయినా అన్నదమ్ములతో పుట్టింటి బంధం తెగుతుందని వాటా వదులుకునే ఆడవాళ్లు తక్కువేమీ కాదు. ఇక్కడ లోపం శాస్త్రంలో లేదు, ఇంట్లో ఉంది.

మహర్‌దీ అదే కథ. అది భర్త భార్యకు బాకీపడే సొమ్ము, ఆమె సొంతం. 1961 వరకట్న నిషేధ చట్టం కూడా దాన్ని కట్నం కింద లెక్కించలేదు. కట్నాలు పెరిగేకొద్దీ నిఖానామాలో మహర్ అంకె నామమాత్రమైంది.

జకాత్, ఉష్ర్

సుమారు 612 గ్రాముల వెండి విలువకు మించిన సంపద ఏడాది నిలిస్తే నలభయ్యో వంతు జకాత్. లక్ష రూపాయలకు రెండున్నర వేలు. తల్లిదండ్రులకూ సొంత పిల్లలకూ ఇవ్వకూడదు. ఎక్కువమంది పండితుల ప్రకారం మసీదు కట్టడానికీ వాడకూడదు. అందుకే మసీదు చందాల మీద, దుకాణాల అద్దెల మీద నడుస్తుంది, జకాత్ పేదవాడి చేతికి పోతుంది. పంట మీద ఇచ్చేది ఉష్ర్: వానకు పండితే పదో వంతు, బోరు నీళ్లకు పండితే ఇరవయ్యో వంతు. మదనపల్లె టమాటా ఇందులోకి వస్తుందా? ఇమామ్ అబూ హనీఫా వస్తుందన్నారు. నిలవ ఉండని కూరగాయలకు లేదని ఆయన శిష్యులే వాదించారు. భారతీయ భూములకు ఉష్ర్ వర్తిస్తుందా అన్న దాని మీదా వాదం నడుస్తూనే ఉంది.

కుప్పం వైపు కథ వేరు. తమిళనాడు సరిహద్దు దాటితే ఆంబూరు, వాణియంబాడి తోళ్ల పరిశ్రమ. ఆ వర్తకుల దానాలతోనే 1919లో వాణియంబాడి ఇస్లామియా కళాశాల, 1924లో ఉమరాబాద్ జామియా దారుస్సలామ్ లేచాయి. బక్రీదు తోళ్లు మదర్సాలకు ఇవ్వడం ఆనవాయితీ. ఇటీవలి ఏళ్లలో తోలు ధర పడిపోవడంతో ఆ రాబడి బాగా తగ్గింది.

వడ్డీలేని అప్పు

1961లో దేవ్‌బంద్‌లో మొదలైన ముస్లిం ఫండ్ తరహా సంస్థలు నగ కుదువ పెట్టుకుని, వడ్డీ తీసుకోకుండా చిన్న అప్పులిస్తాయి. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల మీద ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిన రాష్ట్రంలో ఈ పద్ధతి విలువ వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఖర్జె హసనలో లాభం మాటే రాదు. హలాల్ లాభాల ఆశ చూపి డిపాజిట్లు సేకరించి, 2019 జూన్‌లో మూతపడిన బెంగళూరు ఐఎంఏ వంటివాటికీ దీనికీ సంబంధం లేదు.

వక్ఫ్

ఖలీఫా ఉమర్ ఖైబర్‌లోని తన భూమిని అమ్మకం, దానం, వారసత్వం లేకుండా కట్టడి చేసి ఫలసాయాన్ని పేదలకు వదలడం దీనికి మూలం. ఇక్కడ అది మసీదు, ఈద్గా, దర్గా, ఖబరస్తాన్ మాన్యాల రూపంలో నిలిచింది. 1817 మద్రాసు రెగ్యులేషన్ గుళ్ల మాన్యాలతోపాటు మసీదు మాన్యాలనూ రెవెన్యూ బోర్డు కిందికి తెచ్చింది. 1863లో సర్కారు తప్పుకుని స్థానిక కమిటీలకు వదిలేసింది. ఆ తరువాత 1954, 1995 చట్టాలు వక్ఫ్ బోర్డులను నిలబెట్టాయి. ఆదాయం రావాల్సిన మాన్యాలు నామమాత్రపు కౌళ్లకు పోవడం ఈ వ్యవస్థకు పాత జబ్బు. 2025 సవరణ చట్టం వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆన్‌లైన్‌లో నమోదు చేయమంది. దానిలోని కొన్ని సెక్షన్లను ఆ ఏడాది సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు నిలిపివేసింది. వక్ఫ్ భూమి రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలోకి వస్తుంది కాబట్టి, ఈ ప్రాంతంలో స్థలం కొనేవారు ఆ జాబితాను, వక్ఫ్ గెజిట్‌ను ముందే చూసుకోవాలి.