ఫ్రేజర్ నదిలో నూరేళ్ల స్టర్జన్లు: పట్టి వదిలే వేటపై ఆగని చర్చ

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సులో ప్రవహించే ఫ్రేజర్ నది అడుగున, బురద నీటి చీకటిలో, మనిషి ఆయుర్దాయాన్ని మించి బతికే చేప ఒకటి ఉంది. దాని పేరు వైట్ స్టర్జన్. ఉత్తర అమెరికా మంచినీటి చేపల్లో ఇదే అతిపెద్దది. ఇరవై అడుగుల వరకు పెరిగిన, ఎనిమిది వందల కిలోలకు చేరువైన చేపలు గతంలో నమోదయ్యాయి. కొన్ని నూరేళ్లు దాటి జీవిస్తాయి. పేరులో తెలుపు ఉన్నా దీని వీపు బూడిద రంగులో ఉంటుంది; పొట్ట భాగం మాత్రమే తెల్లన.

రాకీ పర్వతాల్లో పుట్టి సుమారు 1,375 కిలోమీటర్లు ప్రయాణించే ఫ్రేజర్, హోప్ పట్టణం వద్ద కొండలు దాటి మైదానంలోకి దిగుతుంది. చిల్లివాక్, మిషన్, ఆబట్స్‌ఫర్డ్, సర్రే పట్టణాల మీదుగా వాంకూవర్ వద్ద సముద్రాన్ని చేరుతుంది. ఆబట్స్‌ఫర్డ్, సర్రేలలో శతాబ్దానికి పైగా పంజాబీ కుటుంబాలు స్థిరపడి ఉన్నందున ఈ లోయ భారతీయులకు కొత్తది కాదు. నది ప్రధాన ప్రవాహంపై ఎక్కడా ఆనకట్ట లేకపోవడం దీని ప్రత్యేకత. స్టర్జన్ ఇక్కడ నేటికీ పెద్ద సంఖ్యలో మిగిలి ఉండటానికి ముఖ్య కారణం అదే.

స్టర్జన్ వంశం డైనోసార్ల కాలం నాటిది. దాని అస్థిపంజరంలో ఎక్కువ భాగం ఎముక కాదు, మృదులాస్థి. ఒంటిపై మామూలు పొలుసులకు బదులు ఐదు వరుసల ఎముక ఫలకాలు ఉంటాయి. పిల్ల చేపల్లో వీటి అంచులు చెయ్యి కోసేంత పదునుగా ఉండి, వయసుతో పాటు అరిగిపోతాయి. నోటికి ముందు నాలుగు మీసాలు వేలాడుతుంటాయి. కళ్లకు ఏమీ ఆనని మడ్డి నీటిలో ఆ మీసాలే నేలను తడుముతూ ఆహారాన్ని పసిగడతాయి. నోటిలో పళ్లు ఉండవు. గొట్టంలా కిందికి సాగి ఆహారాన్ని లోనికి పీల్చుకుంటుంది.

గాలపు వేట పద్ధతి అంతా ఈ శరీర నిర్మాణాన్ని బట్టే ఏర్పడింది. పడవను ప్రవాహంలో లంగరు వేసి నిలుపుతారు. సాల్మన్ గుడ్లను సన్నని నైలాన్ మేజోడు గుడ్డలో మూటకట్టి గాలానికి గుచ్చుతారు. సాల్మన్ ముక్కలనూ, యూలకాన్ అనే చిన్న చేపనూ కూడా ఎరగా వాడతారు. బరువైన సీసపు గుండు ఎరను అడుగున నిలిపి ఉంచుతుంది. ఇంత పెద్ద చేప ఎరను తాకినప్పుడు కర్ర కొన మాత్రం చాలాసార్లు చిరు వణుకుతోనే సరిపెడుతుంది. కొక్కెం దిగిన తర్వాత కథ మారుతుంది. చేప వందల అడుగుల దారాన్ని లాక్కుపోతుంది, ఒక్కోసారి ఒళ్లంతా నీటిపైకి ఎగురుతుంది. పెద్ద చేపను ఒడ్డుకు చేర్చడానికి గంట, రెండు గంటలు పట్టడం మామూలే. 2012లో చిల్లివాక్ సమీపంలో ఒక బ్రిటిష్ పర్యాటకుడి గాలానికి చిక్కిన స్టర్జన్ పొడవు పన్నెండు అడుగులు దాటింది. దాని బరువు వెయ్యి పౌండ్లకు పైమాటేనని అంచనా వేశారు. ఫొటో తీసుకున్నాక దాన్నీ నీటిలోకి వదిలేశారు.

వదిలేయడం ఇక్కడ ఉదారత కాదు, చట్టం. దాని వెనుక ఒక చేదు చరిత్ర ఉంది. నదీ తీరపు స్టోలో ఆదివాసులు వేల ఏళ్లుగా స్టర్జన్‌ను ఆహారంగా తీసుకున్నా నదిలో చేప తరగలేదు. పందొమ్మిదో శతాబ్దం చివర మాంసం కోసం, కేవియర్‌గా అమ్ముడయ్యే గుడ్ల కోసం వ్యాపార వేట మొదలైంది. 1897లో ఒక్క ఏడాదిలోనే ఐదు వందల టన్నులకు పైగా పట్టారు. ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే వేట కుప్పకూలింది. ఆడ చేప తొలిసారి గుడ్లు పెట్టడానికి పాతికేళ్లు పట్టవచ్చు; ఆ తర్వాతా ఏటా పెట్టదు, మధ్యలో చాలా ఏళ్ల విరామం ఉంటుంది. ఇలాంటి జీవిని ధాన్యపు పంటలా కోస్తే మళ్లీ మొలకెత్తడానికి తరాలు పడుతుంది. 1993, 1994 సంవత్సరాల్లో దిగువ ఫ్రేజర్‌లో పలు పెద్ద స్టర్జన్లు చనిపోయి కనిపించడంతో ఆందోళన పెరిగింది. 1994లో పట్టిన చేపను ఉంచుకోవడాన్ని పూర్తిగా నిషేధించారు.

అక్కడి నుంచి గాలపు వేటగాళ్ల పాత్ర మలుపు తిరిగింది. చక్రాల కుర్చీలో ప్రపంచ యాత్ర చేసి పేరొందిన కెనడా క్రీడాకారుడు రిక్ హాన్సెన్ చొరవతో 1997లో ఫ్రేజర్ నది స్టర్జన్ పరిరక్షణ సంఘం ఏర్పడింది. వేటకు దారి చూపే గైడ్లకు, సాధారణ వేటగాళ్లకు ఈ సంఘం శిక్షణ ఇచ్చింది. పట్టిన ప్రతి చేప తల వెనుక భాగాన్ని వారు స్కానర్‌తో పరీక్షిస్తారు. బియ్యపు గింజంత ఎలక్ట్రానిక్ ట్యాగ్ కనిపిస్తే సంఖ్య రాసుకుంటారు, లేకపోతే కొత్తది చొప్పిస్తారు. పొడవు, చుట్టుకొలత కొలిచి, పట్టిన చోటును నమోదు చేసి వదిలేస్తారు. ఒకే చేప ఏళ్ల తేడాతో మళ్లీ మళ్లీ దొరికినప్పుడు అది ఎంత పెరిగింది, ఎంత దూరం తిరిగింది అన్నది తెలుస్తుంది. దిగువ ఫ్రేజర్ స్టర్జన్ల సంఖ్యపై నేడున్న సమాచారంలో అధిక భాగం ఇలా సమకూరినదే. ప్రభుత్వ ఖర్చుతో ఇంత పని సాధ్యమయ్యేది కాదన్నది కాదనలేని విషయం.

అయితే ఈ వేట చేపకు హాని చేయడం లేదా అన్న ప్రశ్న అలాగే ఉంది. సుదీర్ఘ పోరాటంతో చేప రక్తంలో లాక్టేట్ పెరుగుతుంది. వేసవిలో నీరు వెచ్చబడినప్పుడు కోలుకోవడం మరింత కష్టం. అందుకే ముల్లు లేని ఒంటి కొక్కేన్నే వాడాలని, పెద్ద చేపను నీటిలోంచి పైకి ఎత్తరాదని నిబంధనలు, మార్గదర్శకాలు చెబుతున్నాయి. స్టర్జన్ వేటకు ప్రత్యేక లైసెన్సు తప్పనిసరి. అమెరికాలోని ఐడహో రాష్ట్రం స్నేక్ నదిలో ఈ పద్ధతిని 1970ల ఆరంభం నుంచే అమలు చేస్తోంది. ఫ్రేజర్‌లో సాల్మన్ కోసం వేసే వలల్లో చిక్కి చనిపోయే స్టర్జన్ల సమస్య దీనికి తోడు. సాల్మన్ తగ్గితే దాన్ని తినే స్టర్జన్‌కూ తిండి తగ్గుతుంది.

చట్టపరమైన రక్షణ విషయంలోనూ ఒక వింత ఉంది. 2006లో కెనడా ప్రభుత్వం ఎగువ ఫ్రేజర్, నెచాకో, కొలంబియా, కూట్నీ నదుల స్టర్జన్లను అంతరించే ప్రమాదమున్న జాతుల చట్టం కిందికి తెచ్చింది. దిగువ, మధ్య ఫ్రేజర్ చేపలను మాత్రం చేర్చలేదు. చేరిస్తే వినోద వేట, దానిపై ఆధారపడిన గైడ్ల జీవనోపాధి ఆగిపోయేవి. వేట ఆగితే ట్యాగుల లెక్కా ఆగిపోతుందని వేటను సమర్థించేవారు అంటారు. లెక్క కోసం చేపను పదే పదే అలసట పాలు చేయడం సరికాదని ఎదుటివారు అంటారు. రెండో వాదనకు ఇటీవలి సంవత్సరాల్లో బలం పెరిగింది. దిగువ ఫ్రేజర్‌లో పిల్ల చేపల వాటా తగ్గుతున్నట్లు ఆ ట్యాగుల సమాచారమే సూచిస్తోంది.

పిల్ల చేపలు లేకపోతే ఏమవుతుందో పొరుగు నదులు చూపిస్తున్నాయి. నెచాకో నదిపై 1950ల్లో కెన్నీ ఆనకట్ట కట్టాక ప్రవాహం మారింది. గుడ్లు పొదిగే గులకరాళ్ల మధ్య ఇసుక, మట్టి పేరుకుంది. పెద్ద చేపలు గుడ్లు పెడుతూనే ఉన్నా, 1960ల చివరి నుంచి పిల్లలు దాదాపుగా బతికి బట్టకట్టలేదు. నదిలో అన్నీ ముసలి చేపలే మిగిలాయి. వాండర్‌హూఫ్ పట్టణంలో 2014లో ప్రారంభమైన సంరక్షణ కేంద్రం అడవి చేపల నుంచి గుడ్లు సేకరించి, పిల్లలను పెంచి, ట్యాగులు వేసి నదిలోకి వదులుతోంది. ఆ తొలి విడత పిల్లల్లో ఆడవి గుడ్లు పెట్టే వయసుకు వచ్చేది 2040 ప్రాంతంలో.