పోచంపల్లి పంచాంగంలో రెండు తేదీలు

పోచంపల్లికి రెండు తేదీలు ముఖ్యం. ఏప్రిల్ 18 ఈ ఊళ్లోనే పుట్టింది. ఆగస్టు 7 కలకత్తాలో పుట్టి, నూటపదేళ్లకు ఇక్కడి మగ్గం దాకా వచ్చింది.

1951 ఏప్రిల్ నాటికి తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగించుకుని కాలినడకన బయల్దేరిన వినోబా భావే ఏప్రిల్ 18న ఇక్కడికి చేరారు. మీకేం కావాలని దళితులను అడిగారు. 40 కుటుంబాల వాళ్లు లెక్కగట్టి చెప్పారు: 80 ఎకరాలు, సగం తరి (మాగాణి), సగం కుష్కి (మెట్ట). సర్కారును అడిగి చూస్తానన్న వినోబా, అక్కడ కూడిన ఊరివాళ్లనూ అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలై, ఊరి పేరుకు ముందు ‘భూదాన్’ చేరింది. దాత పేరు చరిత్రలో నిలిచింది, నిలవాల్సిందే. కానీ ముందు నోరు తెరిచి అడిగింది ఆ 40 కుటుంబాలు. ఏప్రిల్ 18 మొదట వాళ్లది.

1905 ఆగస్టు 7న బెంగాల్ విభజనను నిరసిస్తూ కలకత్తా టౌన్‌హాల్లో విదేశీ వస్తు బహిష్కరణ తీర్మానం చేశారు. ఆ గుర్తుగానే 2015 నుంచి ఆ రోజు జాతీయ చేనేత దినోత్సవమైంది. ఆ తీర్మానంతో ఊపందుకున్న స్వదేశీ ఉద్యమం నాటిన ఆలోచనకు గాంధీజీ రాట్నం చేతికిచ్చారు. 1940లో వ్యక్తి సత్యాగ్రహానికి ఆయన ఎంచుకున్న తొలి మనిషి వినోబా. రెండు తేదీలను కలిపే దారం ఇదే.

ఇక ఇక్కడి మగ్గం సంగతి. చీరాల తేలియా రుమాళ్ల విద్య పోచంపల్లికి వచ్చి ఇకత్ అయింది. ఇందులో నేతకన్నా ముందు పని ఎక్కువ. ఆసు మీద మేకుల చుట్టూ పేక నూలు పోయాలి, గీసుకున్న డిజైన్ ప్రకారం చిటికి కట్టాలి, రంగులో ముంచాలి, విప్పి మళ్లీ కట్టాలి. ఒక్క చీరకు ఆసు పోసే ఆడమనిషి చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి, ఆమె పేరే పెట్టారు: లక్ష్మి.

ఆగస్టు 7న సన్మానాలు జరుగుతాయి, శాలువాలు కప్పుతారు. ఆ రోజు మగ్గాల వీధిలో ఎవరైనా వినోబా అడిగిన ప్రశ్నే అడిగితే నేతగాళ్లూ లెక్కగట్టే చెబుతారు: నూలు ధర, రంగుల ధర, కూలి. ఇకత్ బొమ్మను మిల్లుబట్ట మీద అచ్చువేసి పోచంపల్లి పేరుతో అమ్మేవాళ్లను ఆపాలనీ చెబుతారు.