గడప ఎత్తెంత? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఇన్‌స్టాలేషన్ ప్రశ్న

1923 ఆగస్టులో బొంబాయి శాసన మండలి ఒక తీర్మానం చేసింది. ప్రభుత్వ ధనంతో నడిచే చెరువులు, బావులు, బడులు అంటరానివాళ్ళు కూడా వాడుకోవచ్చన్నది దాని సారాంశం. 1924లో మహద్ మునిసిపాలిటీ కూడా తన చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానించింది. అయినా మనవాళ్ళు ఆ నీళ్ళు ముట్టలేకపోయారు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచివెళ్ళి దోసిలి పట్టాకే ఆ కాగితానికి ప్రాణం వచ్చింది. హక్కు కాగితం మీద ఉండటం వేరు, చెరువులో దిగి నీళ్ళు తాగడం వేరు. ఈ సంగతి మనకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

కంప్యూటర్ల చరిత్రలోనూ ఇలాంటి చెరువొకటుంది. పోలిక పూర్తిగా కుదరదు, నిజమే. మహద్‌లో నీళ్ళు తాగినవాళ్ళను కర్రలతో కొట్టారు, ఇక్కడ ఎవరూ కొట్టరు. కానీ 'అందరిదీ' అనడానికీ 'అందరికీ అందడానికీ' మధ్య దూరం ఎలా పుడుతుంది, దాన్ని ఎవరు తగ్గించారు అన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే.

1

1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా వాడుకోవచ్చు, చదవొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అన్నది దాని సూత్రం. 1991 ఆగస్టులో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ గురించి లోకానికి చెప్పాడు. 1992లో దాన్ని గ్నూ లైసెన్సు కిందకి తెచ్చాడు. చట్టం ప్రకారం ఆ రోజునుంచీ ఈ చెరువు అందరిదీ.

మరి దిగిందెవరు? మొదట్లో లినక్స్ అంటే రెండు ఫ్లాపీలు. ఒకటి యంత్రాన్ని లేపడానికి, రెండోది మిగతా సరంజామాకి. హార్డ్ డిస్కుని భాగాలు చేసుకోవడం, ఫైళ్ళు ఎక్కించుకోవడం అంతా సొంతంగా చేసుకోవాలి. 1992లో మాంచెస్టర్ కంప్యూటింగ్ సెంటర్ ఒక సంపుటి తయారుచేసింది. అదే ఏడాది ఎస్.ఎల్.ఎస్. వచ్చింది. దాని లోపాలతో విసిగిపోయి 1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టాడు. ప్యాట్రిక్ వోల్కర్డింగ్ స్లాక్‌వేర్ తెచ్చింది కూడా ఆ ఏడాదే.

చరిత్ర పుస్తకాల్లో కెర్నెల్ రాసినవాడి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. ఫ్లాపీలు సర్దినవాళ్ళు, ఇన్‌స్టాలర్ రాసినవాళ్ళు, మాన్యువల్ రాసినవాళ్ళు, అనువాదం చేసినవాళ్ళు ఏ మూలో ఉంటారు. పనిలో ఎక్కువ తక్కువలు పెట్టడం మనకి తెలిసిన రోగమే. నిజానికి వీళ్ళ పని లేకపోతే ఆ కెర్నెల్ కొన్ని వేలమంది చేతుల్లోనే మిగిలిపోయేది.

2

1990లలో లినక్స్‌లో బొమ్మల తెర రావాలంటే మానిటరు ఫ్రీక్వెన్సీలు మనమే అంకెలతో రాయాలి. తప్పు రాస్తే మానిటరే పాడవ్వొచ్చని హెచ్చరికలుండేవి. సాయమడిగితే 'మాన్యువల్ చదువుకో' అని కసిరేవాళ్ళు. కష్టపడి ఎక్కించుకున్నవాడే అర్హుడు అన్న గర్వం అందులో ఉంది. ఈ గర్వం మనకి 'మెరిట్' పేరుతో బాగా పరిచయం.

నా సంగతి చెప్తాను. 2008లో ఎం.ఏ. చదువుతున్నప్పుడు హాస్టల్లో నలుగురం కలిసి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఒకటి కొన్నాం. ఎవరో ఇచ్చిన పాత లినక్స్ సి.డి. పెట్టాను. డిస్కు విభజన గురించి తెరమీద ఒక ప్రశ్న వచ్చింది. అందులోని ఇంగ్లీషు మాటలు విడివిడిగా అన్నీ తెలుసు, కలిపి ఏమడుగుతున్నాయో తెలియలేదు. 'సరే' నొక్కాను. మా ఊరి మాదిగవాడలో తోలు పని చేసిన పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని రాసుకొచ్చి, టైపు చేసిన మాటలన్నీ పోయాయి. వాళ్ళలో ఇద్దరు తర్వాత చనిపోయారు. మళ్ళీ అడగడానికి లేదు.

పొరపాటు నాదే. కానీ ఆ పొరపాటు ఖరీదు అందరికీ ఒకటి కాదు. ఇంట్లో రెండో కంప్యూటరున్నవాడికి అదొక పాఠం. ఫోను చేస్తే చెప్పే ఇంజనీరు అన్నయ్య ఉన్నవాడికి అదొక సాయంత్రం పని. మా నాన్న జీతగాడు, నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఇన్‌స్టాలేషన్ కష్టంగా ఉంటే ఆ భారం మొదటి తరం వాళ్ళ మీదే ఎక్కువ పడుతుంది.

3

ఈ గడపని తగ్గించినవాళ్ళున్నారు. 1998లో మాండ్రేక్ లినక్స్ కె.డి.ఇ. తెరతో వచ్చింది. 1999లో కాల్డెరా ఇన్‌స్టాలర్, ఫైళ్ళు ఎక్కేలోపు టెట్రిస్ ఆడుకోమంది. అదే ఏడాది డెబియన్‌లోకి 'ఆప్ట్' వచ్చింది. ఒక ప్రోగ్రాముకి కావలసిన మిగతా ముక్కలన్నీ అదే వెతికి తెచ్చుకుంటుంది. 2000లో జర్మనీలో క్లాస్ నాపర్ విడుదల చేసిన నాపిక్స్, డిస్కుని ముట్టుకోకుండా సి.డి. నుంచే నడుస్తుంది. ఇది చిన్న మార్పు కాదు. పోగొట్టుకుంటామన్న భయం లేకుండా ముందు చూసుకోవచ్చు. ఆ రోజు నా చేతిలో అలాంటి సి.డి. ఉంటే ఆ మాటలు మిగిలేవి.

2004 అక్టోబరులో వచ్చిన ఉబుంటు, సి.డి.లను ఉచితంగా పోస్టులో ఇళ్ళకి పంపింది. 2011 దాకా ఇది నడిచింది. నెట్ లేని హాస్టళ్ళకీ ఆ కవర్లు చేరాయి.

4

ఇక్కడొక వాదనుంది: 'విండోస్ సులువు, లినక్స్ కష్టం, అందుకే జనం విండోస్ వాడుతున్నారు.' సరిగ్గా చూడండి. విండోస్ వాడేవాళ్ళలో ఎక్కువమంది దాన్ని ఎప్పుడూ ఇన్‌స్టాల్ చెయ్యలేదు. కంప్యూటరుతోపాటే వచ్చింది. విండోస్ వేసినా వెయ్యకపోయినా అమ్మిన ప్రతి కంప్యూటరుకీ లైసెన్సు డబ్బు కట్టించుకునే ఒప్పందాలు మైక్రోసాఫ్ట్‌కి ఉండేవి. 1994లో అమెరికా ప్రభుత్వంతో రాజీపడి వాటిని మానుకుంది. అప్పటికే పొలం దున్నడం అయిపోయింది. వారసత్వంగా వచ్చినదాన్ని సులువు అంటున్నాం, పుట్టుకతో వచ్చినదాన్ని ప్రతిభ అన్నట్టే.

దీనికి రుజువు ఆండ్రాయిడ్. 2008లో మొదటి ఫోను వచ్చింది. దాని లోపల ఉన్నది లినక్స్ కెర్నెలే. ఇవాళ మన వాడల్లో కూలికెళ్ళే అమ్మల చేతుల్లోనూ అదుంది. వాళ్ళెవరూ ఇన్‌స్టాల్ చెయ్యలేదు. అయితే తాళం ఇంకా కంపెనీ దగ్గరే ఉంది. వాడుకోవడం వచ్చింది గానీ, మార్చుకునే స్వేచ్ఛ రాలేదు. కాబట్టి సులువు ఒక్కటే చాలదు. ఎవరు సులువు చేశారు, బదులుగా ఏం ఉంచుకున్నారు అన్నది కూడా అడగాలి.

5

కేరళలో 2001లో మొదలైన ఐ.టి.@స్కూల్ మరో దారి చూపింది. బడుల్లోకి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తెచ్చింది, పాఠాలకి కావలసినవన్నీ ముందే చేర్చిన సొంత లినక్స్ తయారుచేసుకుంది, సర్కారు బడి టీచర్లకే శిక్షణ ఇచ్చింది. బెంగళూరులో ఒక మురికివాడలో కార్యకర్తలు అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ పెట్టారు. అక్కడి పిల్లలు గింప్‌తో బొమ్మలు గీశారు. రెండుచోట్లా గడప తగ్గించింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, పక్కన కూర్చున్న మనిషి కూడా.

మన హాస్టళ్ళలో, సంఘాల్లో కంప్యూటర్లు పెట్టేవాళ్ళకి నేను చెప్పేదింతే. సి.డి.నో పెన్ డ్రైవ్‌నో చేతికిచ్చి 'ఇది స్వేచ్ఛ' అని వెళ్ళిపోకండి. ముందు వాళ్ళ ఫైళ్ళు ఇంకోచోట దాచండి. తెరమీది ప్రశ్నని తెలుగులో చదివి వినిపించండి. 'సరే' మాత్రం వాళ్ళనే నొక్కనివ్వండి.