అక్షరములను మోయు మాటలు



అకారమునకు అమ్మ, ఆకారమునకు ఆవు: ఇట్లు మాటను చూపి అక్షరమును నేర్పుట మన బడులలో వాడుక. టెలిఫోనును, రేడియోయును వచ్చినపిమ్మట పెద్దలకును ఈ పద్ధతియే ఆవశ్యకమైనది. కారణము వినుఁడు. ఇంగ్లీషులో బీ, సీ, డీ, జీ, పీ, టీ మొదలగు అక్షరములు ఈకారముతోనే ముగియును. దూరమునుండి విన్నపుడు స్వరము నిలుచును గాని, ముందున్న హల్లు చప్పుడులో మునిఁగిపోవును. పరుషమైన పకారమా, సరళమైన బకారమా యని తేల్చుకొనుట కష్టము. అందుచేత ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క మాటను తోడిచ్చిరి.

బ్రిటిషు సైన్యములో వార్తలు పంపువారు 'ఏ'ను ఆక్ అనియు, 'ఎమ్'ను ఎమ్మా యనియు, 'పీ'ని పిప్ అనియు పలికిరి. 1914లో ఆరంభమైన మహాయుద్ధమున సైనికులకు పూర్వాహ్ణము 'ఆక్ ఎమ్మా', అపరాహ్ణము 'పిప్ ఎమ్మా' యయ్యెను.

జర్మనీ కథ వేఱు. 1890 నాఁటి బెర్లిను టెలిఫోను పుస్తకము అక్షరములకు అంకెల నిచ్చెను. 1903లో అంకెలకు మాఱుగా మనుష్యుల పేళ్లు వచ్చినవి. వానిలో డేవిడ్, నాతాన్, సామ్యూల్, జకరియాస్ మొదలగునవి యూదుల పవిత్రగ్రంథమునందలి పేళ్లు. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. ఆ యేఁటి మార్చిలోనే, ఈ పేళ్లు తీసివేయవలెనని రోస్టాక్ పట్టణవాసి యొకఁడు తపాలాకార్యాలయమునకు జాబు వ్రాసెను. 1934లో అవి పోయినవి. నాతాన్ స్థానమున నోర్డ్‌పోల్, అనఁగా ఉత్తరధ్రువము, వచ్చి కూర్చుండెను. పట్టికలో పేళ్లు తుడిచిన ఆ ప్రభుత్వమే పిమ్మట సుమారు 60 లక్షల యూదులను చంపించెను. యుద్ధానంతరము సామ్యూల్, జకరియాస్ పట్టికలోనికి మరలివచ్చిరి, నాతాన్ రాలేదు. 2022లో జర్మను ప్రమాణసంస్థ కార్యాలయముల వాడుకకై మనుష్యుల పేళ్లను విడిచి, చాలవఱకు ఊళ్లపేళ్లను నిర్ణయించెను.

దీనికి భిన్నమైన మార్గమును విమానయానము చూపినది. భిన్నదేశముల చోదకులు ఒకరినొకరు తప్పుగా వినినచో ప్రాణహాని. కావున మాంట్రియల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుఁడు జాన్‌పాల్ వినే ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిషు భాషలవారికి సులభమైన మాటలను వెదకెను. 1951లో పట్టిక అంగీకృతమైనది. వాడుకలో 'నెక్టర్', 'విక్టర్' అను మాటలు ఒకటిగా వినఁబడెను. 'ఎక్‌స్ట్రా', 'డెల్టా' అనునవియు నంతే. అంతట 31 జాతులవారిచేఁ బలికించి, వినిపించి, పరీక్షించిరి. అయిదు మాటలు మార్చిరి. 'నెక్టర్' పోయి 'నవంబర్' వచ్చెను. 1956 మార్చి 1వ తేదీనుండి అమలైన ఆ పట్టికయే నేఁడును ఆకాశమున వినఁబడుచున్నది. అందు 'ఐ' అక్షరమును మోయునది మన 'ఇండియా'.

ఒకచోట కులము చూచి మాటను వెడలఁగొట్టిరి. మఱియొకచోట చెవి వినలేదని మార్చిరి. రెండును మార్పులే. మొదటిది మనుష్యునిపై ద్వేషమువలనఁ బుట్టెను, రెండవది వాని ప్రాణరక్షణ కొఱకుఁ బుట్టెను. బాలునకు అక్షరము చెప్పునపుడు ఏ మాటను తోడిచ్చుచున్నామో పెద్దలు చూచుకొనుట మేలు.