రూపాయికి వన్నె కట్టేవారు

తెలుగులో నాణెం, నాణ్యం దగ్గర చుట్టాలైన మాటలు. సరుకు బాగుంటే నాణ్యమైనదంటాం. మాట మీద నిలబడని మనిషిని చెల్లని కాసు అంటాం. బంగారానికి పదహారు వన్నెలు లెక్కగట్టుకున్న వాళ్ళం కనుక, చేతికి వచ్చిన డబ్బు ఎంత మంచిదో చూసుకోవడం మనకు కొత్త విద్య కాదు. కొత్తదల్లా ఏమిటంటే, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడమే వ్యాపారంగా పెట్టుకున్న కంపెనీలు అమెరికాలో పుట్టి ఇవాళ బొంబాయి వేలంపాటల దాకా రావడం. వాళ్ళు పాత రూపాయిని పరీక్షించి, ప్లాస్టిక్ బిళ్ళలో బిగించి, పైన ఒక అంకె వేస్తారు. ఆ అంకెను బట్టి ధర పెరుగుతుంది, తరుగుతుంది. కామాఠీపురా పునర్నిర్మాణం మాటలు జోరందుకుని, చాళ్ళలో అటకల మీది ట్రంకు పెట్టెలు కిందికి దిగుతున్న రోజుల్లో ఈ సంగతి మనవాళ్ళు తెలుసుకోవడం అవసరమని నాకు తోచింది.

ఫాక్‌లాండ్ రోడ్డుకు ఆ పేరు 1848 నుంచి 1853 వరకు బొంబాయి గవర్నరుగా ఉన్న లార్డ్ ఫాక్‌లాండ్ వల్ల వచ్చింది. మునిసిపాలిటీ పలకల మీద ఇప్పుడది పఠ్ఠే బాపూరావు మార్గ్. పక్కనున్న కామాఠీపురా పేరు మాత్రం మనవాళ్ళది. నైజాం రాజ్యం నుంచి వచ్చి రాయి మోసి, సున్నం కలిపి ఈ నగరాన్ని కట్టిన కామాఠీల పేరు అది. ఈ పేటకు లోకంలో ఇంకో ఖ్యాతి ఉంది. దాని గురించి రాసేవారు కావలసినంత మంది ఉన్నారు కాబట్టి నేను రూపాయి దగ్గరే ఉంటాను.

పాలమూరు నుంచో నల్లగొండ నుంచో వచ్చిన కూలీకి ఒకటి కాదు, రెండు రూపాయలు తెలిసి ఉండేవి. ఇక్కడ కూలి ఇచ్చేది బ్రిటిషు రూపాయి. మరమీద తయారైనది గనుక నైజాం ఇలాకాలో దాన్ని ‘కల్దారు’ అనేవారు. ఊళ్ళో శిస్తు కట్టేది, సంతలో చెల్లేది హాలీ సిక్కా. రెంటికీ మారకపు లెక్క ఉండేది. నూరు కల్దారుకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. సూక్ష్మంగా చెప్పాలంటే ఆరు కల్దార్లు ఏడు హాలీలు. పది రూపాయలు ఇంటికి పంపితే అక్కడ 11 రూపాయల 10 అణాల 8 పైలు అవుతుంది. అయితే ఇది కాగితం మీది లెక్క. నడుమ షరాబు ఉంటాడు కదా.

ఈ ఆరు-ఏడు లెక్క ఎక్కడిది? లోహం తూకమే చెబుతుంది. బ్రిటిషు రూపాయి 180 గ్రెయిన్లు, అంటే సరిగ్గా తులం, 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. అసలు వెండి 10.69 గ్రాములు. చార్మినారు బొమ్మ ఉన్న హాలీ రూపాయి సుమారు 11.18 గ్రాములు, వెండి వెయ్యికి 818 పాళ్ళు. అసలు వెండి 9.14 గ్రాములు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.17 వస్తుంది. ఏడును ఆరుతో భాగించినా అంతే. కామర్సు చదువుకున్న వాణ్ణి కనుక ఈ లెక్క కుదిరినప్పుడు నాకు ముచ్చటేసింది. నిజాం ప్రతిష్ఠ, చక్రవర్తి కిరీటం అన్నీ తీసి పక్కన పెడితే రెండు రూపాయల నడుమ మిగిలింది గ్రామున్నర వెండి. 1950లో భారత రూపాయి హైదరాబాదులో ప్రవేశించినప్పుడు కూడా ఇదే నిష్పత్తి పాటించారు. హాలీ పూర్తిగా రద్దయింది 1959లో.

అంతకు ముందు పరిస్థితి ఇంత సజావుగా లేదు. సాలార్‌జంగు సంస్కరణలకు ముందు నైజాం రాజ్యంలో టంకశాలలు చాలాచోట్ల ఉండేవి. మన పాలమూరు వైపే గద్వాల, నారాయణపేట, వనపర్తి సంస్థానం సుగూరు రూపాయలు నడిచాయి. ఏ రూపాయికి ఎంత వట్టం తియ్యాలో షరాబుకే తెలుసు. బొటనవేలితో ఎగరేసి మోత వింటాడు, అంచు చూస్తాడు, అనుమానమొస్తే గీటురాయి మీద గీస్తాడు, ఒక్కోసారి తన గుర్తుగా చిన్న ముద్ర కొడతాడు. పాత మొగలాయి రూపాయల మీద కనిపించే ఆ గాట్లు, గుంటలు షరాబుల సంతకాలు. అవి ఆనాడు నమ్మకానికి గుర్తులు. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఈ మాట దగ్గరికి వస్తాం.

ఈ ఉద్యోగం కౌటిల్యుడికే తెలుసు. అర్థశాస్త్రంలో నాణేల పరీక్షకుడి పేరు రూపదర్శకుడు. పరీక్ష రుసుము నూటికి ఎనిమిదో వంతు, అంటే ఎనిమిది వందల పణాలకు ఒక పణం. ఈనాటి రుసుములతో పోలిస్తే ఎంత చవకో.

వట్టం లోహాన్ని బట్టే ఉండేదనుకుంటే పొరపాటు. బెంగాలులో కొత్తగా అచ్చైన సిక్కా రూపాయికి మొదటి ఏడాది పూర్తి విలువ. రెండో ఏడు నూటికి మూడు తగ్గేది, మూడో ఏడు అయిదు. వెండి ఎక్కడికీ పోలేదు, బరువూ తగ్గలేదు. నాణెం మీది ఏడాది పాతబడింది, అంతే. ఈ బాధ పడలేక కంపెనీవారు షా ఆలం పాదుషా 19వ పాలనా సంవత్సరాన్ని రూపాయి మీద స్తంభింపజేసి, ఏళ్ళ తరబడి అదే అంకెతో కొట్టించారు. అంకెకు ధర ఉన్నప్పుడు అంకెనే ఆపెయ్యడం! చివరికి 1835 చట్టంతో కంపెనీ ఇలాకా అంతటికీ ఒకే బరువు, ఒకే వన్నె గల రూపాయి వచ్చింది. వట్టం మెల్లగా బజారు నుంచి తప్పుకుంది. కానీ చచ్చిపోలేదు. వందేళ్ళ తర్వాత, నాణేలు చెల్లుబాటు కోసం కాక దాచుకోవడం కోసం కొనేవారి మధ్య అమెరికాలో మరో రూపంలో పుట్టింది.

విలియం షెల్డన్ అని ఒక మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. మనుషుల దేహాలను సన్నం, లావు, కండపుష్టి అని మూడు తరగతులుగా విడదీసి అంకెలు వేసిన ఘనుడు ఆయనే. పాత అమెరికన్ సెంట్ల మీద 1949లో వేసిన పుస్తకంలో 1 నుంచి 70 దాకా ఒక కొలబద్ద పెట్టాడు. ఇక్కడ గమనించవలసింది ఉంది. ఆ అంకె మొదట నాణ్యత అంకె కాదు, ధర అంకె. పోల్చుకోవడానికి మాత్రమే వీలయ్యేంత అరిగిన నాణెం ఒక డాలరైతే, నిన్ననే అచ్చైనట్టున్నది 70 డాలర్లని ఆయన లెక్క. సెంట్ల ధరలు త్వరలోనే ఆ నిష్పత్తి దాటిపోయాయి. అంకెలు మాత్రం మిగిలి అన్ని నాణేలకూ వర్తించాయి. ఇంకో విశేషం. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోని మేలైన సెంట్లు తాను తీసుకుని వాటి స్థానంలో నాసివి పెట్టాడని ఆయన పోయిన తర్వాత బయటపడి, కోర్టుల దాకా వెళ్ళింది. నాణ్యం తెలిసినవాడే కదా ఏది తియ్యాలో ఎరిగేది.

అమ్మేవాడే గ్రేడు చెప్పే పద్ధతిలో మోసాలు పెరిగాక, 1986లో ప్రొఫెషనల్ కాయిన్ గ్రేడింగ్ సర్వీసు, 1987లో న్యూమిస్మాటిక్ గ్యారంటీ కార్పొరేషన్ పని మొదలుపెట్టాయి. ఒకరికి మించి నిపుణులు నాణెం చూస్తారు. అది ఎవరిదో వారికి తెలియదు. అంకె తేలాక నాణేన్ని తెరవడానికి వీలులేని పెట్టెలో బిగిస్తారు. తర్వాత నకిలీదని తేలినా, గ్రేడు ఎక్కువ వేశారని తేలినా కంపెనీ పరిహారం ఇస్తుంది. బ్యాంకువాడిగా నాకు కీలకంగా కనబడేది ఈ చివరి మాటే. కొనేవాడు ఎక్కువ చెల్లిస్తున్నది అంకెకు కాదు, దాని వెనకున్న పూచీకత్తుకు.

ఫలితం ఏమైంది? చూడకుండా కొనడం, అమ్మడం సాధ్యమైంది. నాణెం షేరులాంటిదైంది. ఆ 1980ల చివర అమెరికా పెట్టుబడి సంస్థలు నాణేల నిధులు పెట్టాయి. ధరలు ఎగసి 1990లో కుప్పకూలాయి. గ్రేడింగు అంతా నిక్కచ్చి అన్నట్టు ప్రకటనలిచ్చుకోవడం మీద అదే ఏడు అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆక్షేపణ తెచ్చి ఒక సంస్థతో ఒప్పందం రాయించుకుంది. నిజానికి 60 నుంచి 70 దాకా ఉన్న పదకొండు మెట్లూ వాడకంలో అరగని నాణేలవే. 64కూ 66కూ తేడా మామూలు కంటికి ఆనదు. ధరలో మాత్రం కొన్నింటికి ఆ తేడా అనేక రెట్లు. అందుకే పెట్టె పగలగొట్టి, ఇంకో మెట్టు దక్కుతుందేమోనని మళ్ళీ పంపేవారు పుట్టుకొచ్చారు. అలా పంపిన ఒకే నాణెం కంపెనీ లెక్కల్లో రెండుమూడుసార్లు నమోదై, ఉన్నవి ఎన్నో తెలియకుండా పోతుంది. 2007 నుంచి గ్రేడు వేసిన నాణేన్నే మళ్ళీ చూసి, అంకె గట్టిదైతే పెట్టె మీద చిన్న చీటీ అతికించే ఇంకో సంస్థ వచ్చింది. చీటీ ఉన్న 65కు ఒక ధర, లేని 65కు ఒక ధర. వట్టం మీద వట్టమన్నమాట.

1987లోనే మన బొంబాయిలో క్రిసిల్ పుట్టింది, కంపెనీల అప్పులకు గ్రేడు వెయ్యడానికి. అక్కడా ఇక్కడా రుసుము కట్టేది పరీక్షకు నిలబడినవాడే. ఆ ఏర్పాటు ఎంతదూరం పోగలదో 2008లో అమెరికా ఇళ్ళ అప్పుల పత్రాలకు వేసిన మూడు ‘ఏ’లు చూపించాయి. నగల తాకట్టు విభాగంలో కూర్చున్నప్పుడు నేను గమనించేవాణ్ణి. గీటురాయి పట్టుకున్న అప్రైజరు ఒక్క మాటతో అప్పు ఎంతో తేలిపోతుంది. బంగారానికైతే ఆ మాటను కరిగించి సరిచూడవచ్చు. నాణెం పైపొర మెరుపును కరిగించి చూడలేం.

అలాగని ఈ కంపెనీలు దండగ అనను. 1939 రూపాయి సంగతి చూడండి. పన్నెండింట పదకొండు పాళ్ళ వెండితో బొంబాయి టంకశాల కొట్టిన చివరి రూపాయి అది. 1940 నుంచి వెండి సగానికి పడింది. చెడ్డ డబ్బు మంచి డబ్బును తరిమేస్తుందని బీకాం మొదటి ఏడాదిలో చదివిన గ్రెషాం సూత్రం కళ్ళెదుటే జరిగింది. మంచివి చాలామటుకు మూసలోకి పోయాయి. అందుకే 1939 రూపాయికి గొప్ప ధర. అందుకే 1938లోని చివరి అంకెను 9గా దిద్దే చేతివాటమూ పెరిగింది. ఇలాంటిచోట పరీక్షకుడి పెట్టె లేకుండా డబ్బు పెట్టడం తెలివి కాదు. మరోవైపు 1911 ‘పంది రూపాయి’. రాజు దుస్తుల మీది ఏనుగు పందిలా ఉందని గోలయితే వెనక్కి తీసుకున్నారు. సంతల్లో చెప్పుకున్నంత అరుదేమీ కాదు, కథే దాన్ని మోస్తోంది. మామూలుగా అరిగినదానికి గ్రేడు వేయిస్తే రుసుము కూడా గిట్టదు.

ఇక మన పెట్టెల్లో ఉన్నవి. చాలామటుకు చార్మినారు రూపాయలు, విక్టోరియా, ఎడ్వర్డు, జార్జి బొమ్మలవి. బ్యాంకు ఖాతా లేని కూలి ఇంట్లో అవే పొదుపు. ఆడవాళ్ళు వాటికి కొండి పోయించి పేరు గుచ్చి మెడలో వేసుకున్నారు. దీపావళికి లక్ష్మీపూజలో పెట్టడానికి ఏటా చింతపండు, ముగ్గు పెట్టి తోమారు. గ్రేడింగు దృష్టిలో ఇవన్నీ దెబ్బలు. కొండి అతికిన మచ్చ ఉంటే, తోమిన గీతలుంటే అంకె ఇవ్వరు. అసలుదేనని ఒప్పుకుని, ‘తోమారు’, ‘నగకు వాడారు’ అని లోపం రాసి ఊరుకుంటారు. ఇందాక చెప్పిన షరాబు ముద్ర కూడా చాలాసార్లు లోపమే. ఒకనాడు నాణేన్ని చెల్లించిన గుర్తే ఇప్పుడు దాని ధర తగ్గిస్తుంది. ఎవరూ ముట్టని నాణేనికి గొప్ప వెల, పది చేతులు మారి ఒక సంసారాన్ని గట్టెక్కించినదానికి వెండి వెల. బజారు తర్కం నాకు తెలుసు. కొనేవాడు మన సంసారం కొనడం లేదు. అయినా ఈ కొలబద్దనే చరిత్రకు కొలబద్ద చేస్తే నేను ఒప్పుకోను. చాళ్ళలో మనవాళ్ళు ఎలా బతికారో చెప్పేది ఆ కొండి మచ్చే.

కనుక పెట్టె తెరిచినవారికి నా సలహా చిన్నది. ముందు తోమకండి. ఇప్పటిదాకా తోమనివి ఉంటే అలాగే ఉంచండి. తూకానికి అడిగేవాడికి హాలీ రూపాయి 9.14 గ్రాముల వెండి అని మీరే చెప్పండి, అంతకు తక్కువకు ఇవ్వకండి. ప్లాస్టిక్ పెట్టెలో ఉన్నది కొనేటప్పుడు దాని మీది నంబరును కంపెనీ జాబితాతో సరిచూసుకోండి, పెట్టెలకే నకిలీలు వచ్చాయి. గ్రేడు కోసం విదేశం పంపిస్తానని ఎవరైనా అంటే 1972 పురావస్తు చట్టం గుర్తుచెయ్యండి. నూరేళ్ళు నిండిన నాణెం ఆ చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని మామూలు మనిషి దేశం దాటించడానికి వీల్లేదు. చార్మినారు రూపాయి వయసు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. కమాను కింద ‘మీమ్’ అక్షరం ఉంటే 1911లో పోయిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది, అవన్నీ నూరేళ్ళు దాటినవే. ‘ఐన్’ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. వాటిలో హిజ్రీ 1340 దాకా ఉన్నవి, అంటే 1921-22 వరకు కొట్టినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి.