పరారుణ రిమోట్ సంకేతాలు

పరారుణ రిమోట్ సంకేతాలు అనగా టెలివిజన్, సెట్‌టాప్ బాక్సు, ఏసీ వంటి పరికరాలను దూరం నుండి నడిపించడానికి రిమోట్ కంట్రోలు పంపే కాంతి సందేశాలు. రిమోట్ మీద ఒక మీట నొక్కినపుడు, దాని కొనలో ఉన్న చిన్న ఎల్‌ఈడీ దీపం కంటికి కనబడని పరారుణ కాంతితో ఒక నిర్ణీత క్రమంలో వెలుగుతూ, ఆరుతూ ఉంటుంది. ఈ వెలుగు, విరామాల నిడివిలోనే సందేశం ఇమిడి ఉంటుంది. ఆ నిడివులను కొలిచి, వాటి నుండి తిరిగి అంకెలను రాబట్టడాన్ని సంకేతాన్ని విప్పడం లేదా డీకోడింగు అంటారు.

చరిత్ర

1955లో అమెరికాకు చెందిన జెనిత్ కంపెనీ ఇంజనీరు యూజీన్ పాలీ "ఫ్లాష్‌మాటిక్" అనే రిమోట్‌ను రూపొందించాడు. ఇది కంటికి కనబడే కాంతిని టీవీ మూలల్లోని గ్రాహకాల మీదికి ప్రసరింపజేసేది. ఆ కాంతిలో సంకేతమేదీ లేకపోవడం వలన, గదిలో ఎండ పడినా టీవీ దానిని ఆజ్ఞగా భావించేది. 1956లో అదే కంపెనీలో రాబర్ట్ ఆడ్లర్ అతిధ్వనులతో పనిచేసే "స్పేస్ కమాండ్" రిమోట్‌ను తయారుచేశాడు. 1980వ దశకంలో పరారుణ రిమోట్లు విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి.

వాహక పౌనఃపున్యం

రిమోట్లలో సాధారణంగా 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని వాడతారు. ఎండలోనూ, అనేక విద్యుద్దీపాల వెలుగులోనూ పరారుణ కాంతి ఉంటుంది. కనుక రిమోట్ కాంతిని మిగిలిన వాటి నుండి వేరు చేయవలసి ఉంటుంది. పల్నాడు జిల్లాలోని కోటప్పకొండలో మహాశివరాత్రి తిరునాళ్లకు విద్యుద్దీపాలతో అలంకరించిన ఎత్తైన ప్రభలు వస్తాయి. అంత వెలుగు మధ్య ఒక చేతిదీపాన్ని దూరం నుండి గుర్తుపట్టాలంటే, అది ముందుగా అనుకున్న లయలో వెలిగి ఆరుతుండాలి. రిమోట్ చేసే పని కూడా ఇదే. సందేశంలో "వెలుగు" అని చెప్పే ప్రతి భాగంలోనూ దీపం సెకనుకు సుమారు 38,000 సార్లు వెలిగి ఆరుతుంది. దీనిని వాహక పౌనఃపున్యం అంటారు. కొన్ని కంపెనీలు 36 లేదా 40 కిలోహెర్ట్‌జ్‌లు వాడతాయి. గ్రాహకంలోని వడపోత వలయం ఈ లయకు దగ్గరగా ఉన్న కాంతినే స్వీకరించి, మిగిలినదానిని చాలావరకు తొలగిస్తుంది.

సందేశ నిర్మాణం

సందేశాన్ని ఏ క్రమంలో అమర్చాలో నిర్ణయించే నియమావళిని ప్రోటోకాల్ అంటారు. బాగా వాడుకలో ఉన్న ఎన్ఈసీ ప్రోటోకాల్‌లో సందేశం ఈ విధంగా ఉంటుంది:

* ఆరంభ సూచన: 9 మిల్లీసెకన్ల వెలుగు, 4.5 మిల్లీసెకన్ల విరామం
* చిరునామా: 8 బిట్లు (ఏ పరికరానికి)
* చిరునామా యొక్క విలోమం: 8 బిట్లు
* ఆజ్ఞ: 8 బిట్లు (ఏ మీట)
* ఆజ్ఞ యొక్క విలోమం: 8 బిట్లు
* ముగింపు: ఒక చిన్న వెలుగు

ప్రతి బిట్ సుమారు 0.56 మిల్లీసెకన్ల వెలుగుతో మొదలవుతుంది. దాని తరువాతి విరామం కూడా అంతే ఉంటే ఆ బిట్ 0, దానికి మూడు రెట్లు ఉంటే 1. విలోమం అనగా 0 ఉన్న చోట 1, 1 ఉన్న చోట 0 రాయడం. గ్రాహక పరికరం రెండింటినీ పోల్చి, సరిపోకపోతే సందేశాన్ని వదిలివేస్తుంది. ఈ పద్ధతి వలన ప్రతి సందేశంలోనూ పదహారు సున్నాలు, పదహారు ఒకట్లు ఉంటాయి. కనుక ఏ మీట నొక్కినా సందేశం నిడివి ఒకటే. విలోమం లేకుండా చిరునామాకే 16 బిట్లు కేటాయించే విస్తృత రూపం కూడా ఉన్నది.

మీటను నొక్కి ఉంచితే సందేశం మొత్తం మళ్ళీ రాదు. ప్రతి 108 మిల్లీసెకన్లకు ఒకసారి "మునుపటిదే" అని తెలిపే చిన్న సూచన మాత్రమే వస్తుంది.

సంకేతాన్ని విప్పే విధానం: ఒక ఉదాహరణ

చిరునామా 0, ఆజ్ఞ 69 అనుకుందాం. ద్విసంఖ్యామానంలో 69ని 01000101 అని రాస్తారు. ఎన్ఈసీ పద్ధతిలో అతి తక్కువ విలువ గల బిట్ ముందుగా వెళుతుంది. కనుక గ్రాహకానికి చేరే వరుస:

00000000 11111111 10100010 01011101

మూడవ భాగాన్ని వెనుక నుండి చదివితే 69 వస్తుంది. తిప్పకుండా చదివితే 162 వస్తుంది. ఒకే మీటకు రెండు సాఫ్ట్‌వేర్లు రెండు వేర్వేరు సంఖ్యలు చూపడానికి తరచుగా కారణం ఇదే. నాలుగవ భాగం మూడవ దానికి విలోమం కనుక సందేశం సరైనదని తెలుస్తుంది.

ఇతర ప్రోటోకాళ్లు

ఫిలిప్స్ కంపెనీ ఆర్‌సీ-5 పద్ధతిలో 14 బిట్లు ఉంటాయి. ఇందులో నిడివి కాక, బిట్ మధ్యలో వెలుగు నుండి చీకటికి మారిందా, చీకటి నుండి వెలుగుకు మారిందా అన్నది ముఖ్యం. మీటను విడిచి మళ్ళీ నొక్కిన ప్రతిసారీ విలువ మారే బిట్ ఒకటి ఇందులో ఉంటుంది. దాని వలన 1ని రెండుసార్లు నొక్కడానికీ, ఒకసారి నొక్కి పట్టుకోవడానికీ తేడా తెలుస్తుంది. సోనీ పద్ధతిలో విరామం నిడివి మారదు, వెలుగు నిడివి మారుతుంది.

ఏసీ రిమోట్లు సాధారణంగా నొక్కిన మీటను కాక, ఉష్ణోగ్రత, ఫ్యాను వేగం మొదలైన అమరికలన్నిటినీ ప్రతిసారీ ఒకే పొడవైన సందేశంగా పంపుతాయి.

పరిమితులు

సాధారణ పరారుణ రిమోట్ పంపడమే గాని వినడం ఉండదు. సందేశం చేరిందో లేదో దానికి తెలియదు. ఏసీ రిమోట్ తెర మీద కనిపించే ఉష్ణోగ్రత రిమోట్ గుర్తుంచుకున్నదే గాని, ఏసీ చెప్పినది కాదు. అందుచేత అడ్డంగా ఎవరైనా నిలుచున్నపుడు మీట నొక్కితే రెండింటికీ పొంతన తప్పవచ్చు. అంతేగాక ఈ సంకేతాలలో రహస్యం లేదు. ఒకసారి గ్రహించిన సంకేతాన్ని ఎవరైనా మళ్ళీ పంపవచ్చు. ఈ గుణం వలననే పోయిన రిమోట్‌కు బదులు మరొకటి పనిచేయగలుగుతున్నది. ఈ కారణం చేతనే ఇటువంటి సంకేతాలు తలుపు తాళాల వంటి వాటికి తగవు.

ప్రయోగం

రిమోట్‌ను ఫోను కెమెరా ముందు ఉంచి మీట నొక్కితే, చాలా ఫోన్లలో దీపం లేత ఊదా లేదా తెలుపు రంగులో మెరుస్తూ కనబడుతుంది. ఏ వెలుగూ కనబడకపోతే వెంటనే రిమోట్ పాడైనదని అనుకోరాదు. కొన్ని కెమెరాలు పరారుణ కాంతిని అడ్డగిస్తాయి కనుక, పనిచేస్తున్న మరొక రిమోట్‌తో ముందు పరీక్షించుకోవాలి. కెమెరా దీపం వెలిగిందో లేదో మాత్రమే చూపగలదు. నిడివులను కొలవడానికి మూడు కాళ్ళ పరారుణ గ్రాహకాన్ని ఆర్డుయినో వంటి చిన్న బోర్డుకు కలపాలి. చాలా గ్రాహకాలలో వెలుగు అందినపుడు నిర్గమ వోల్టేజి తగ్గుతుంది, విరామంలో పెరుగుతుంది. దీనిని గమనించకపోతే వెలుగును విరామంగా, విరామాన్ని వెలుగుగా పొరబడే అవకాశం ఉన్నది.

ఇవి కూడా చూడండి

* పరారుణ కిరణాలు
* ద్విసంఖ్యామానం
* కాంతి ఉద్గార డయోడు