జంతాఘరం: బౌద్ధ సంఘంలో సామూహిక స్వేదశాల

రాయపుర నగరంలోని నేటి భన్‌పురి ప్రాంతం ప్రాచీన దక్షిణ కోసల భూభాగంలోనిది. 7వ శతాబ్దిలో కోసలాన్ని దర్శించిన హ్యూన్‌త్సాంగ్ అక్కడ సుమారు 100 సంఘారామాలు, 10,000కు కొంత తక్కువగా భిక్షువులు ఉన్నట్లు వ్రాశాడు. ఇందరు కలిసి నివసించే చోట దేహశుద్ధి ఏ ఒక్కరి సొంత వ్యవహారమో కాజాలదు. అది సంఘనియమానికి లోబడవలసిందే. వినయపిటకంలోని జంతాఘర ప్రకరణం ఇందుకు చక్కని నిదర్శనం.

చుల్లవగ్గ కథనం ప్రకారం, వైశాలిలో వరుసగా లభించిన ఘనభోజనాల వల్ల భిక్షువులు అస్వస్థులయ్యారు. వైద్యుడైన జీవకుని విన్నపం మీద బుద్ధుడు చంక్రమణాన్ని, జంతాఘరాన్ని అనుమతించాడు. ఎత్తైన అరుగు, మెట్లు, తలుపు, పొగగొట్టం, నీరు పోయే కాలువ క్రమంగా ఏర్పడ్డాయి. చిన్న గదిలో పొయ్యి ఒక పక్కన, పెద్ద గదిలో నడుమ ఉండాలి. సెగకు ముఖం కమలకుండా మట్టి పూసుకునేవారు. చరకసంహిత చెప్పిన 13 స్వేదవిధానాలలో జేంతాకం దీనిని పోలినదే. అయితే అది రోగికి చికిత్స. జంతాఘరం సంఘమంతటికీ ఉమ్మడి స్థలం.

ఉమ్మడి స్థలమన్న చోట కలహమూ తప్పదు. స్థవిరులు వారించారన్న అక్కసుతో షడ్వర్గీయ భిక్షువులు పొయ్యి నిండా కట్టెలు పేర్చి, నిప్పంటించి, తలుపు మూసి వాకిట కూర్చున్నారు. లోపలివారు వేడికి తాళలేక, బయటికి దారి లేక మూర్ఛిల్లారు. ఆ పనిని నిషేధించిన పిమ్మటనే స్నానశాల వర్తనం విధింపబడింది. ముందు వెళ్లినవాడు బూడిద ఎత్తి, గది ఊడ్వాలి. స్థవిరులను ఒత్తుకొని కూర్చోరాదు. కొత్త భిక్షువులను ఆసనాల నుండి లేపరాదు. చివరివాడు మట్టితొట్టి కడిగి, పీటలు సర్ది, నిప్పు ఆర్పి, తలుపు వేసి రావాలి.

ఈ విధులలో పెద్దరికానికి మన్నన ఉంది, చిన్నవానికి రక్షణ కూడా ఉంది. నగ్నంగా ఉన్నవాడు నమస్కరించరాదు, నమస్కారం అందుకోరాదు అన్న మరొక నియమం హోదాల ప్రదర్శనను అక్కడ కొంతసేపు నిలిపివేసింది.

శ్రీలంకలోని అరణ్యవిహారాలలో జంతాఘర శిథిలాలు నేటికీ నిలిచి ఉన్నాయి. రాళ్లలో పొయ్యి జాడ, కాలువ జాడ కనిపిస్తాయి. తొట్టి కడగవలసినదెవరో, ఎవరి చోటు ఎవరూ లాక్కోరాదో వినయగ్రంథమే చెబుతుంది. విహారచరిత్ర రచనకు ఆ రెండు ఆధారాలూ కలిసి అవసరం.